కర్ణుని పతనం: దైవమూ పురుషకారమూ

కుంతి తొలిచూలు కొడుకు, అంగదేశాధిపతి, భీష్మద్రోణుల తర్వాత కౌరవసేనకు నాయకుడు అయిన కర్ణుడు కురుక్షేత్ర యుద్ధం పదిహేడో రోజున అర్జునుడి బాణానికి కూలిపోయాడు. ఆ చావుకు బాధ్యత ఎవరిది అన్న ప్రశ్న భారతమంత పాతది. పుట్టుక, శాపాలు, దేవతల మోసం కలిసి అతన్ని చంపాయని ఒక పక్షం అంటుంది. దుర్యోధనుడి పక్కన నిలబడి తాను చేసిన పనులే చంపాయని మరో పక్షం అంటుంది. మన ప్రాచీనులు ఈ రెంటికీ దైవం, పురుషకారం అని పేర్లు పెట్టారు. ఇక్కడ దైవమంటే దేవుడు కాడు. మనిషి చేతిలో లేనిది, అతను రాకముందే పడి ఉన్నది. వాడుకలో తలరాత అంటాం. పురుషకారమంటే మనిషి తన బుద్ధితో, తన చేతులతో చేసేది, తానే జవాబు చెప్పుకోవలసింది.

తెలుగువాళ్లు ఈ చర్చను ఒక్క సామెతలో దాచుకున్నారు. కర్ణుడి చావుకు కారణాలనేకం. పరీక్ష తప్పిన పిల్లవాడి నుంచి మూతపడిన మిల్లు దాకా ఏ పతనానికైనా ఈ మాట అతుకుతుంది. కర్ణుడు లేని భారతం శొంఠి లేని కషాయం అన్నదీ మన సామెతే. రెండో సామెతలో ఉన్న ప్రేమే మొదటిదాన్ని పుట్టించిందనిపిస్తుంది. ఇష్టమైనవాడు ఓడిపోతే కారణాలు బయట వెతుకుతాం. ఆ వెతుకులాటలో కర్ణుడికి మేలు జరిగిందా, కీడు జరిగిందా అన్నది ఈ వ్యాసం చూడదలచిన సంగతి.

నారదుడి జాబితా

అనేక కారణాలన్న భావనకు మూలం శాంతిపర్వంలో ఉంది. యుద్ధం ముగిశాక నారదుడు ధర్మరాజుకు కర్ణుడి కథంతా చెప్పి, చివర కారణాలను వరసగా లెక్కపెడతాడు: బ్రాహ్మణుడి శాపం, పరశురాముడి శాపం, కుంతికి ఇచ్చిన వరం, ఇంద్రుడి మాయ, అర్ధరథుడని భీష్ముడు చేసిన అవమానం, శల్యుడు చేసిన తేజోవధ, కృష్ణుడి నీతి. వీటికి తోడు అర్జునుడు దేవతల దగ్గర సంపాదించిన అస్త్రాలు.

పైకి చూస్తే ఇందులో కర్ణుడి తప్పు ఒక్కటీ లేదు. అన్నీ ఇతరులు అతనికి చేసినవే. కానీ ఒక్కొక్కటీ విప్పి చూడాలి.

బ్రాహ్మణుడి శాపం నిజంగా ప్రమాదఫలం. విల్లు సాధన చేస్తూ తెలియక ఒకరి హోమధేనువును కొట్టాడు. ఎంత వేడుకున్నా ఆ యజమాని శాంతించలేదు. యుద్ధంలో నీ రథచక్రాన్ని నేల మింగుతుందన్నాడు. పరశురాముడి శాపం అలాంటిది కాదు. మహేంద్రగిరి మీద తాను భార్గవ బ్రాహ్మణుణ్ణని చెప్పి కర్ణుడు బ్రహ్మాస్త్రం నేర్చుకున్నాడు. గురువు తన ఒడిలో తల పెట్టుకుని నిద్రపోతుండగా ఒక పురుగు తొడను తొలిచింది. గురువుకు నిద్రాభంగమవుతుందని కదలకుండా ఓర్చుకున్నాడు. ఆ ఓర్పే అతను బ్రాహ్మణుడు కాడని పట్టిచ్చింది. అవసరమైన వేళ అస్త్రం గుర్తుకు రాదన్న శాపం ఆ అబద్ధానికి వచ్చింది. అయితే ఆ అబద్ధం ఆడే పరిస్థితి ఎక్కడిది? బ్రహ్మాస్త్రం అడిగితే ద్రోణుడు అర్హత లేదని పంపేశాడు. తప్పు కర్ణుడిదే, దానివైపు నెట్టింది మాత్రం మూసిన తలుపు.

అర్జునుణ్ణి తప్ప మిగతా నలుగురినీ చంపనని కుంతికి వరం ఇచ్చింది కర్ణుడే. కవచకుండలాలు అడగడానికి వేషం మార్చుకుని వచ్చే ఇంద్రుడి మాయ గురించి సూర్యుడు ముందే కలలో కనిపించి హెచ్చరించాడు. భీష్ముడు అవమానించిన మాట నిజమే, కానీ అందుకు కోపగించి, భీష్ముడు పడేదాకా ఆయుధం పట్టనని పది రోజులు శిబిరంలో కూర్చోవడం కర్ణుడి నిర్ణయం. శల్యుడైతే మరీ విచిత్రం. అర్జునుడికి కృష్ణుడున్నట్టు తనకు శల్యుడు సారథిగా కావాలని దుర్యోధనుణ్ణి అడిగినవాడు కర్ణుడు. ఆ శల్యుడు యుద్ధానికి ముందే ధర్మరాజుకు మాట ఇచ్చి ఉన్నాడని, రథం మీద కూర్చుని తన ఆత్మవిశ్వాసాన్ని తోడేస్తాడని అతనికి తెలియదు.

కాబట్టి నారదుడు చెప్పిన కారణాలు దాదాపు అన్నిటిలో రెండు చేతులు కనిపిస్తాయి. ఒకటి ఇతరులది, రెండోది కర్ణుడిది. పూర్తిగా బయటనుంచి వచ్చి మీద పడ్డది ఆవు శాపం ఒక్కటే.

రథచక్రం దగ్గర కృష్ణుడి జాబితా

భారతంలోనే దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకో జాబితా ఉంది. కర్ణపర్వంలో ఎడమ చక్రం నేలలో దిగిపోయింది. అస్త్రమంత్రం గుర్తుకు రావడం లేదు. అప్పుడు కర్ణుడు రెండు మాటలంటాడు. మొదటిది తనలో తాను: ధర్మం తనను కాపాడేవాణ్ణి కాపాడుతుందంటారు, శక్తి కొద్దీ ఆచరించాం, అయినా కాపాడలేదే అని. రెండోది అర్జునుడితో: దైవవశాన చక్రం కూరుకుపోయింది, ఎత్తుకునేదాకా ఆగు, ఇది యుద్ధధర్మం అని.

అర్జునుడు బదులు పలకలేదు. కృష్ణుడు పలికాడు. ఒంటిబట్టతో ఉన్న ద్రౌపదిని సభకు ఈడ్చుకొచ్చినప్పుడు ఈ ధర్మం ఎక్కడికి పోయింది? జూదం తెలియని ధర్మరాజును శకుని ఓడించినప్పుడు ఎక్కడికి పోయింది? విస్తృత పాఠాల్లో ఈ ప్రశ్నలు ఇంకా పెరిగి, భీముడికి పెట్టిన విషం, వారణావతంలో లక్కయిల్లు, అభిమన్యుణ్ణి చుట్టుముట్టి చంపడం కూడా చేరతాయి. ఈ జాబితాలో శాపాలు లేవు, పుట్టుక లేదు, ఇంద్రుడు లేడు. ఉన్నవన్నీ కర్ణుడు చేసినవో, చూస్తూ సమ్మతించినవో. కృష్ణుడి మాటలకు కర్ణుడు సిగ్గుతో తల దించుకున్నాడే గాని జవాబివ్వలేదు.

ఒకే గ్రంథం ఒకే చావుకు రెండు లెక్కలు రాసి పెట్టింది. ఏది సరైనదో చెప్పలేదు. భారతం గొప్పదనం నాకు ఇక్కడే ఎక్కువగా కనిపిస్తుంది.

దైవం వాటా

కర్ణుడి జీవితంలో దైవానికి ఉన్న వాటాను తగ్గించి చెప్పడం అన్యాయం. దుర్వాసుడు ఇచ్చిన మంత్రాన్ని చిన్నతనపు కుతూహలంతో పరీక్షించిన ఒక కన్నెపిల్లకు అతను పుట్టాడు. ఒంటితో వచ్చిన కవచం, చెవులతో వచ్చిన కుండలాలు. పెట్టెలో పెట్టి అశ్వనదిలో వదిలితే ఆ పెట్టె చర్మణ్వతిలోకి, అక్కణ్ణుంచి యమునలోకి, గంగలోకి కొట్టుకుపోయి చంపానగరం దగ్గర సూతుడైన అధిరథుడికి దొరికింది. ఇందులో ఏ ఒక్కటీ పసివాడు ఎంచుకున్నది కాదు.

ఇంకా ముందుకు వెళ్లి నారదుడు ఒక దేవరహస్యం చెబుతాడు. క్షత్రియులంతా ఆయుధాల చేత పవిత్రులై స్వర్గానికి వెళ్లాలంటే వైరం రగలాలి. ఆ వైరం రగిలించడానికే కన్యాగర్భంలో ఈ బిడ్డ సృష్టించబడ్డాడట. అరణ్యపర్వంలో దానవులు దుర్యోధనుడితో చెప్పే మాట మరొకటి: చచ్చిపోయిన నరకాసురుడి ఆత్మ కర్ణుడిలో ప్రవేశించి ఉందని. ఈ రెండు మాటల్నీ అక్షరాలా తీసుకుంటే కర్ణుడు ఒక పనిముట్టు మాత్రమే. పనిముట్టు మీద నేరం మోపలేం. కానీ పనిముట్టును ఎవరూ ప్రేమించరు కూడా. వెయ్యేళ్లకు పైగా జనం కర్ణుణ్ణి ప్రేమిస్తున్నారంటే, ఈ దేవరహస్యాన్ని వాళ్లు మనసులో పూర్తిగా ఒప్పుకోలేదనే అర్థం.

విధి అనిపించే మనుషుల పని

దైవం, పురుషకారం అని రెండుగా చీల్చినప్పుడు మధ్యలో ఒకటి జారిపోతుంది. కర్ణుడికి జరిగిన అన్యాయంలో పెద్ద భాగం దైవకృతం కాదు, అతని స్వయంకృతం కూడా కాదు. తోటి మనుషులు చేసింది.

లోకనిందకు జడిసి బిడ్డను నీటిపాలు చేసింది కుంతి. లోకనింద అనేది దేవుళ్లు పంపింది కాదు. హస్తినాపురంలో రాకుమారుల అస్త్రవిద్యా ప్రదర్శన నాడు అర్జునుడికి సాటిగా విల్లు పట్టి నిలబడితే, నీ తల్లిదండ్రులెవరు, ఏ కులం అని కృపాచార్యుడు అడిగాడు. కర్ణుడి ముఖం వాడిపోయింది. దుర్యోధనుడు అక్కడికక్కడే అంగరాజ్యానికి అభిషేకం చేశాడు. అంతలో చెమటలు కారుతూ, కర్ర ఊతంగా ముసలి అధిరథుడు రంగంలోకి వచ్చాడు. అభిషేకజలంతో ఇంకా తడిగా ఉన్న తలను కర్ణుడు ఆయన పాదాలకు ఆనించాడు. అది చూసి భీముడు, నీకు విల్లెందుకు, చర్నాకోల పట్టుకో అని ఎగతాళి చేశాడు.

ఆ మాట విన్న రోజున ఆ సభలో కర్ణుడికి చేయి అందించినవాడు ఒక్కడే. ఆ ఒక్కడు దుర్యోధనుడు కావడం కర్ణుడి ఎంపిక కాదు. భీష్ముడో, విదురుడో, ద్రోణుడో ఆ పూట ఒక్క మాట మాట్లాడి ఉంటే కథ మరోలా నడిచేది. చూస్తూ కూర్చున్న కుంతి మూర్ఛపోయిందే గాని నోరు విప్పలేదు. మనుషులు చేసిన దానికి విధి అని పేరు పెట్టడం వల్ల తప్పించుకునేది కర్ణుడు కాదు, ఆ సభలోని పెద్దలు. ఆధునిక భారతీయ సాహిత్యం కర్ణుణ్ణి మళ్లీ మళ్లీ తలకెత్తుకోవడానికి ఇదే కారణం.

తెలిసి వేసిన అడుగులు

కర్ణుడి కథను లోకంలోని ఇతర విషాద కథల నుంచి వేరు చేసే అంశం ఒకటుంది. అతనికి అన్నీ ముందే చెప్పారు.

మొదటి హెచ్చరిక సూర్యుడిది. ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వస్తాడు, కవచకుండలాలు అడుగుతాడు, ఇస్తే ఆయుష్షు తరుగుతుంది అన్నాడు. కర్ణుడి జవాబు సూటిగా ఉంది: బతుకు కన్నా కీర్తి కావాలి, అడిగినవాడికి లేదనను. వద్దన్నా వినకపోతే బదులుగా శక్తి ఆయుధమైనా అడగమన్నాడు సూర్యుడు. కర్ణుడు అదే చేశాడు. తన ఒంటిని తానే కోసి కవచం ఇచ్చి, ఒకే ఒక్కసారి పనికొచ్చే శక్తిని పుచ్చుకున్నాడు. ఇంద్రుడు మోసం చేయాలని వచ్చాడు, కానీ కర్ణుడు మోసపోలేదు. తెలిసి ఇచ్చాడు. దానాన్ని మోసమని పిలిస్తే దాని విలువ సగం పోతుంది.

రెండో సందర్భం ఉద్యోగపర్వంలోది. రాయబారం చెడిపోయాక కృష్ణుడు తిరిగి వెళ్తూ కర్ణుణ్ణి తన రథమెక్కించుకున్నాడు. నువ్వు కుంతి కొడుకువి, ధర్మశాస్త్రం ప్రకారం పాండురాజుకే చెందుతావు, పాండవులు నీ పాదాలు పట్టుకుంటారు, రాజ్యం నీది అన్నాడు. ద్రౌపది ప్రస్తావన కూడా తెచ్చాడు. కర్ణుడు ఆశ్చర్యపోలేదు, ఆ సంగతి తనకు తెలుసన్నాడు. తనను చూడగానే రాధకు పాలు చేపాయని చెప్పాడు. అధిరథుడు జాతకర్మ చేసి వసుషేణుడని పేరు పెట్టాడు. సూతకుల స్త్రీలతో పెళ్లిళ్లు చేశాడు. కొడుకులు, మనవలు ఉన్నారు. భూమండలం మొత్తం ఇచ్చినా, బంగారు రాశులు పోసినా ఈ బంధాన్ని అబద్ధం చేయలేనన్నాడు. తనను నమ్ముకునే దుర్యోధనుడు యుద్ధానికి దిగాడు, ఇప్పుడు వదలడం కుదరదన్నాడు. ఈ రహస్యం ధర్మరాజుకు చెప్పవద్దని కోరాడు. తెలిస్తే అతను రాజ్యం తనకిస్తాడు, తాను దాన్ని దుర్యోధనుడికి ఇచ్చేస్తాడు. రాజ్యానికి తగినవాడు ధర్మరాజే అన్నాడు.

అంతటితో ఆగలేదు. రాబోయే యుద్ధాన్ని ఒక యజ్ఞంగా వర్ణించి, అందులో తమ పక్షం బలి అవుతుందని చెప్పాడు. ధర్మరాజు తమ్ములతో వేయి స్తంభాల మేడ ఎక్కుతున్నట్టు తనకు వచ్చిన కల చెప్పాడు. ఓడిపోతామని తెలుసు. ఎటువైపు న్యాయముందో తెలుసు. తెలిసే అటు వెళ్లాడు.

ఆ తర్వాత కుంతి వచ్చింది. గంగ ఒడ్డున కర్ణుడు చేతులెత్తి తూర్పుముఖంగా జపం చేసుకుంటున్నాడు. ఎండకు వాడిన పూలదండలా ఆమె అతని ఉత్తరీయం నీడలో నిలబడి, జపం ముగిసేదాకా కాచుకుంది. తల్లి చెప్పింది నిజమని ఆకాశం నుంచి సూర్యుడి గొంతు పలికింది. కర్ణుడు చలించలేదు. పుట్టిన రోజున నువ్వు చేసిన దానికన్నా శత్రువు చేయగల కీడేముందని అడిగాడు. అయినా వట్టి చేతులతో పంపలేదు. అర్జునుణ్ణి తప్ప మిగతా నలుగురినీ చంపనని, ఎలాగైనా ఆమెకు అయిదుగురు కొడుకులు మిగులుతారని మాట ఇచ్చాడు. యుద్ధంలో భీముడు, నకులుడు, సహదేవుడు, ధర్మరాజు నలుగురూ వేర్వేరు సమయాల్లో చేతికి చిక్కారు. నలుగుర్నీ వదిలేశాడు.

అంపశయ్య మీద భీష్ముడు కూడా అదే చెప్పి, తమ్ముళ్లతో కలవమన్నాడు. దైవాన్ని మనిషి ప్రయత్నం మరలించగలదా అని కర్ణుడు అక్కడ అంటాడు. దైవం మీద ఈ భారం వేసేముందు అతను నాలుగుసార్లు నిర్ణయం తీసుకున్నాడన్నది మరవకూడదు. నాలుగుసార్లూ తలుపు తెరిచే ఉంది.

ఈ నిర్ణయాల్లో స్వార్థం లేదు. రాజ్యం వదిలాడు, కవచం వదిలాడు, చేతికి చిక్కిన శత్రువులను వదిలాడు. ఇవన్నీ అతన్ని చావు వైపు ఒక్కో అడుగు నడిపినవే. పతనానికి దారి తీసింది అతని దోషాలు మాత్రమే కాదు, సుగుణాలు కూడా. అంత్యయుద్ధంలో అశ్వసేనుడనే సర్పం బాణంలో దూరి మళ్లీ ప్రయోగించమని వేడుకున్నా, ఇతరుల బలంతో గెలవనని తిప్పి పంపాడు. అది కూడా ఆ కోవలోదే.

కురుసభలో ఆ పూట

సుగుణాలతోనే పడిపోయాడని ఆగిపోతే కర్ణుడి కథ మెత్తబడిపోతుంది. సభాపర్వంలో జరిగింది ఇక్కడ తప్పించుకోలేం.

ద్రౌపదిని పందెంలో గెలిచినట్టు కాదని కౌరవుల్లోనే ఒకడైన వికర్ణుడు లేచి వాదించాడు. భీష్ముడు తేల్చి చెప్పలేని సభలో ఒక కుర్రవాడు న్యాయం పలికాడు. అతన్ని అణచివేయడానికి లేచినవాడు దుర్యోధనుడు కాదు, కర్ణుడు. అయిదుగురు భర్తలున్నది కులస్త్రీ కాదని, అలాంటిదాన్ని సభకు తేవడంలో, వివస్త్రను చేయడంలో వింత లేదని అన్నాడు. పాండవుల బట్టలూ, ద్రౌపది బట్టలూ తీయమని దుశ్శాసనుడికి చెప్పింది కూడా కర్ణుడే. జనం నోట్లో ఈ ఆజ్ఞ చాలాసార్లు దుర్యోధనుడి ఖాతాలోకి వెళ్లిపోతుంది. సంస్కృత భారతంలో అది కర్ణుడి నోటి మాట.

స్వయంవరంలో ద్రౌపది సూతుణ్ణి వరించనని అవమానించినందుకు ఇది ప్రతీకారమని సమర్థించేవాళ్లున్నారు. పూనాలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో మొదలుపెట్టి 1966లో ముగించిన పరిశోధిత ప్రతిలో ద్రౌపది ఆ మాట అన్నట్టు లేదు. కొన్ని రాతప్రతుల్లో ఉన్న ఆ ఘట్టాన్ని సంపాదకులు తర్వాతి చేర్పుగా ఎంచి పక్కన పెట్టారు. ఒకవేళ అన్నదే అనుకున్నా, పుట్టుక పేరిట అవమానం అంటే ఏమిటో ఒంటికి తెలిసినవాడు, తప్పించుకునే దారి లేని ఆడమనిషిని అంత మాట అనడం తీసివేయదగిన తప్పు కాదు. ఏ శాపమూ అతని చేత ఆ మాట అనిపించలేదు. ఏ దేవుడూ వేషం వేసుకుని రాలేదు.

ఈ విషయంలో కర్ణుడి మీద గౌరవం పెరిగే చోటు మళ్లీ ఉద్యోగపర్వమే. కృష్ణుడితో మాట్లాడుతూ, దుర్యోధనుడి ప్రీతి కోసం పాండవులను ఆనాడు పరుషంగా అన్న మాటలకు ఇప్పుడు తపించిపోతున్నానని ఒప్పుకుంటాడు. తన పుట్టుక గురించి అతను పశ్చాత్తాపపడలేదు. శాపాల గురించి శల్యుడికి చెప్పుకున్నాడు, అది వివరణ మాత్రమే. కవచం ఇచ్చినందుకు చింతించలేదు. జీవితం మొత్తంలో అతను తన తప్పుగా పేరు పెట్టి ఒప్పుకున్నది ఆ మాటల్ని. కర్ణుడి పతనంలో పురుషకారం ఎక్కడుందని అడిగేవారికి జవాబు అతనే ఇచ్చాడు. అతని చావుకు వంద కారణాలు చెప్పి ఆ ఒక్కటీ చెప్పకపోవడం అతని పట్ల దయ కాదు. ఒప్పుకునే ధైర్యమున్నవాణ్ణి ఏమీ తెలియని బాధితుడిగా కుదించడం.

శాపాలు లేకుంటే కర్ణుడు గెలిచేవాడన్న నమ్మకాన్ని కూడా భారతం పూర్తిగా బలపరచదు. ఘోషయాత్రలో చిత్రసేనుడి గంధర్వులు విరుచుకుపడినప్పుడు, ఒంటి మీద కవచం ఉండగానే, కర్ణుడు రణం విడిచి తప్పుకున్నాడు. వాళ్లకు బందీ అయిన దుర్యోధనుణ్ణి విడిపించింది పాండవులు. ఉత్తర గోగ్రహణంలోనూ అర్జునుడిదే పైచేయి.

గురి తప్పడం

పతనమయ్యే నాయకుడి గురించి లోకంలో తొలిసారి శాస్త్రంగా రాసినవాడు గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్. క్రీ.పూ. 4వ శతాబ్దికి చెందిన తన కావ్యశాస్త్రంలో, విషాద నాయకుడు పరమ దుర్మార్గుడూ కాకూడదు, నిష్కళంకుడూ కాకూడదు, ఏదో ఒక 'హమార్తియా' వల్ల పడిపోవాలి అన్నాడు. ఆ పదానికి మూలమైన క్రియకు గురి తప్పడం అని అర్థం. హోమర్ కావ్యాల్లో విసిరిన ఈటె తగలకపోవడానికి అదే వాడతారు. కర్ణుడిలాంటి విలుకాడి విషయంలో ఈ పదం ఎంత అతికినట్టుందో వేరే చెప్పనక్కరలేదు.

అరిస్టాటిల్ ఎక్కువగా మెచ్చిన ఉదాహరణ సొఫోక్లిస్ రాసిన ఈడిపస్ నాటకం. తండ్రిని చంపి తల్లిని పెళ్లాడతాడని దైవవాణి. దాన్ని తప్పించుకోవాలని పారిపోయి, తెలియక సరిగ్గా అదే చేస్తాడు. నిజం చివర్లో తెలుస్తుంది, తెలిశాక కళ్లు పొడుచుకుంటాడు. ఈ కష్టాలు తెచ్చింది అపోలో అయినా పొడిచిన చేయి తనదేనంటాడు. ఈడిపస్ కూడా నదిలో వదిలిన కర్ణుడిలాగే పసితనంలో వదిలేయబడ్డవాడు, పెంచినవాళ్లను కన్నవాళ్లనుకున్నవాడు. పోలిక అక్కడితో ఆగిపోతుంది. ఈడిపస్‌కు నిజం పతనమయ్యాక తెలిసింది. కర్ణుడికి పతనానికి ముందే తెలిసింది. తెలియక చేసినవాడి విషాదం మనల్ని భయపెడుతుంది. తెలిసి చేసినవాడిది అలా కాదు. మనమైతే ఏం చేసి ఉండేవాళ్లమని అడుగుతుంది.

కవుల చేతుల్లో

సంస్కృత నాటకకర్తలు కర్ణుడి రెండు ముఖాలను రెండు నాటకాల్లో నిలిపారు. భాసుడి పేరిట 20వ శతాబ్ది తొలినాళ్లలో గణపతిశాస్త్రి తిరువనంతపురం నుంచి వెలుగులోకి తెచ్చిన నాటకాల్లో ఒకటైన కర్ణభారం ఏకాంకిక. అందులో కవచదానం యుద్ధభూమికి వెళ్లే దారిలోనే జరుగుతుంది. మోసపోయావని శల్యుడంటే, మోసపోయింది ఇంద్రుడేనన్న ధోరణిలో కర్ణుడు జవాబిస్తాడు. రథాన్ని అర్జునుడున్న చోటికి పోనివ్వమనడంతో నాటకం అయిపోతుంది. చావు రంగం మీదికి రాదు. భట్టనారాయణుడి వేణీసంహారం మూడో అంకంలో అశ్వత్థామతో గొడవపడుతూ కర్ణుడు ఒక నిర్వచనమే ఇస్తాడు: ఏ కులంలో పుడతామనేది దైవాధీనం, పౌరుషం మాత్రం తన అధీనం అని. దైవానికీ పురుషకారానికీ మధ్య గీత ఇంత స్పష్టంగా గీసిన పాత్ర మరొకటి అరుదు.

తెలుగు భారతంలో కర్ణుడి జీవితం ముగ్గురు కవులకు, సుమారు మూడు వందల ఏళ్లకు పంచబడింది. అస్త్రవిద్యా ప్రదర్శనలో అవమానం, కురుసభలో చేసిన అపచారం 11వ శతాబ్దిలో నన్నయ చేతికి వచ్చాయి. కవచకుండలాల దానం 14వ శతాబ్దిలో ఎర్రన అరణ్యపర్వశేషంలో పడింది. కృష్ణుడితో, కుంతితో సంభాషణలు, రణం, మరణం, నారదుడి జాబితా 13వ శతాబ్దివాడైన తిక్కన వాటా. నాటకీయమైన సంభాషణకు పేరుపడ్డ తిక్కనకు నిర్ణయాల ఘట్టాలు దక్కడం తెలుగు పాఠకుడి అదృష్టం.

కన్నడ ఆదికవి పంపడు 941లో రాసిన విక్రమార్జున విజయానికి తెలుగు నేలతో సంబంధముంది. వేములవాడ చాళుక్యరాజు రెండో అరికేసరి ఆస్థానంలో అది వెలసింది. నేడు ఆ ఊరు రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉంది. కావ్యనాయకుడు అర్జునుడు, అతనిలో తన రాజునే చూపాడు కవి. అయినా భారతంలో ఎవరినైనా తలచుకోవాలంటే కర్ణుణ్ణి తలచుకోమని చెప్పకుండా ఉండలేకపోయాడు. పోషకుడి గెలుపు పాడుతూ ఓడినవాడికి మనసిచ్చిన కవి పంపడు.

ఆధునికులు ఎక్కువమంది కర్ణుడి పక్షమే. బెంగాలీలో రవీంద్రుడి కర్ణ కుంతీ సంవాదం, హిందీలో దినకర్ రశ్మిరథి (1952), మరాఠీలో శివాజీ సావంత్ మృత్యుంజయ (1967) అతని గాయం వైపు నుంచి కథ చెబుతాయి. మరాఠీలోనే ఇరావతి కర్వే యుగాంతలో జాలి కన్నా పరిశీలన ఎక్కువ చూపింది. తెలుగువాళ్లకు కర్ణుడంటే కళ్లముందు కదిలేది మాత్రం 1977 సంక్రాంతికి వచ్చిన దానవీరశూరకర్ణ. ఎన్.టి. రామారావు దర్శకత్వం వహించి, కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడు వేషాలూ తానే కట్టారు. మాటలు కొండవీటి వెంకటకవివి. నిందపడ్డవాడు, ఆదుకున్నవాడు, లెక్క తేల్చినవాడు ముగ్గురికీ ఒకే ముఖం ఉండడం ఆ సినిమాలో యాదృచ్ఛికమే కావచ్చు. కర్ణుడి కథకు మాత్రం చక్కగా సరిపోయింది.

శాస్త్రం ఏమంటుంది

దైవం పెద్దదా, పురుషకారం పెద్దదా అని ధర్మరాజు అనుశాసనపర్వంలో భీష్ముణ్ణి సూటిగానే అడుగుతాడు. భీష్ముడు బ్రహ్మ వసిష్ఠుడికి చెప్పిన పోలిక వినిపిస్తాడు: దైవం విత్తనం, పురుషకారం పొలం. పొలం లేని విత్తనం మొలకెత్తదు. యాజ్ఞవల్క్యస్మృతి ఇంకో పోలిక చెబుతుంది: ఒంటి చక్రంతో రథం నడవనట్టే పురుషకారం లేకుండా దైవం సిద్ధించదని. కర్ణుడి రథానికి చివరకు ఒక చక్రమే నేల పైన ఉంది.

పాదాలు

నారదుడి జాబితా ఎవరు అడిగితే వచ్చిందో గమనించాలి. యుద్ధం ముగిసి చనిపోయినవాళ్లకు తర్పణాలు వదిలేటప్పుడు, కర్ణుడికీ వదలండి, అతను మీ అన్న అని కుంతి కొడుకులతో చెప్పింది. ధర్మరాజు కుప్పకూలిపోయాడు. చక్రాన్ని నేల ఎందుకు మింగింది, మా అన్నకు శాపమెందుకు తగిలిందని నారదుణ్ణి అడిగాడు. కారణాలన్నీ లెక్కపెట్టి నారదుడు చివర అన్నది ఇదే: నీ అన్న శాపాలు పొందాడు, చాలామంది చేత వంచించబడ్డాడు, యుద్ధంలో చనిపోయాడు, అతని కోసం ఏడవవద్దు. అన్నను చంపించానని కుమిలిపోతున్న తమ్ముడికి చెప్పిన లెక్క అది. చనిపోయినవాడి తప్పులు అందులో ఎలా ఉంటాయి? కృష్ణుడి లెక్క యుద్ధం మధ్యలో శత్రువుకు చెప్పింది. దయ అందులో ఎలా ఉంటుంది?

నారదుణ్ణి అడిగే ముందు ధర్మరాజు తన మనసులో ఏళ్లుగా ఉన్న ఒక సంగతి బయటపెట్టాడు. జూదసభలో కర్ణుడు పరుషంగా మాట్లాడుతుంటే తనకు కోపం పొంగుకొచ్చేది. కానీ చూపు అతని పాదాల మీద పడగానే ఆ కోపం చల్లారిపోయేది. ఆ పాదాలు అమ్మ పాదాల్లా ఉండేవి. ఎందుకలా ఉన్నాయో ఎంత ఆలోచించినా అప్పుడు అంతుపట్టలేదన్నాడు.